పదిమందిని కూడగట్టే పని

శుక్రవారం సాయంత్రం ఎల్‌బీ నగర్ రింగురోడ్డు దగ్గర నిలబడితే సగం హైదరాబాద్ సొంతూళ్లకు బయల్దేరినట్టే ఉంటుంది. దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్ల నుంచి బ్యాగులు తగిలించుకుని వచ్చే కోచింగ్ పిల్లలు, మెట్రో దిగి పరుగున వచ్చే ఉద్యోగులు, చంకలో పిల్లలతో తల్లులు. నల్లగొండ, సూర్యాపేట, ఖమ్మం, విజయవాడ, గుంటూరు అంటూ కేకలు. ఆ గుంటూరు బస్సెక్కి, అక్కడ దిగి పొన్నూరు రోడ్డు పట్టుకుంటే చేబ్రోలు వస్తుంది. చతుర్ముఖ బ్రహ్మ గుడి ఉన్న ఊరిగా చాలామందికి అది తెలుసు. దాని పక్కనే కొత్తరెడ్డిపాలెం. మిరప, వరి చేలల్లో కూలి పనులు చేసుకునే కొన్ని తెలుగు కుటుంబాలకు అక్కడ శుక్రవారం పొద్దుగూకితే వారం ముగిసినట్టు. దీపాలు వెలిగించి, మగవాళ్లు తలకు టోపీ పెట్టుకుని, హీబ్రూ ప్రార్థనతో విశ్రాంతి దినాన్ని మొదలుపెడతారు. వాళ్లు తెలుగు యూదులు. తమను బెనె ఎఫ్రాయిమ్ అని చెప్పుకుంటారు. ఎఫ్రాయిము సంతతి అన్నమాట.

2011 జనాభా లెక్కల ప్రకారం దేశం మొత్తం మీద యూదులు ఐదు వేల లోపే. వాళ్లలో ఎక్కువమంది ముంబై, థానే ప్రాంతాల బెనె ఇజ్రాయెల్ సమాజం వాళ్లు. కొచ్చిన్ యూదుల్లో అత్యధికులు 1950ల్లోనే ఇజ్రాయెల్‌కు తరలిపోయారు. ఈ చిన్న లెక్కలో కూడా గుంటూరు జిల్లా పేరు చాలామందికి తట్టదు. అలాంటి చోట ఒక ప్రార్థనా మందిరం 1991లో మొదలైంది. దాన్ని నిలబెట్టినవాళ్లు జీతం తీసుకునే అధికారులూ కాదు, వెనక ఆస్తులున్న ధర్మకర్తలూ కాదు. షమూయేల్ యాకోబి, సాదోక్ యాకోబి అనే అన్నదమ్ములు. ఒక చిన్న సమాజానికి నాయకుడిగా ఉండటంలో మనిషికి ఏం దొరుకుతుంది, దేనికోసం అంత కష్టం పడతాడు అన్నది అడగదగ్గ ప్రశ్నే. మన హైదరాబాద్ తూర్పు శివార్లలో చిన్న ట్రస్టులు, సొసైటీలు నడిపేవాళ్లు రోజూ లోలోపల వేసుకునే ప్రశ్న కూడా ఇదే.

ముందు యూదు మతంలోని ఒక నియమం తెలియాలి. ఒంటరిగా ఎవరైనా ఎప్పుడైనా ప్రార్థించుకోవచ్చు. కానీ సామూహిక ప్రార్థన పూర్తిగా జరగాలంటే కనీసం పదిమంది పెద్దవాళ్లు ఉండాలి. సంప్రదాయవాదులు పదిమంది మగవాళ్లే అంటారు. ఈ పదిమంది కూటమిని మిన్యాన్ అంటారు. చనిపోయినవాళ్ల కోసం కొడుకు చదివే కద్దీష్ ప్రార్థనకూ పదిమంది కావాలి, ధర్మగ్రంథమైన తోరా చుట్టను బయటికి తీసి అందరి ముందు చదవడానికీ పదిమంది కావాలి. తొమ్మిదిమంది మహా పండితులు కూర్చున్నా పదోవాడి కోసం ఎదురుచూడాల్సిందే. ఆ పదోవాడు అక్షరం రాని కూలీ అయినా సరే, వచ్చి కూర్చుంటే చాలు.

న్యూయార్క్‌లోనో టెల్ అవీవ్‌లోనో ఇది పెద్ద సమస్య కాదు. కొత్తరెడ్డిపాలెంలో సమస్యే. విశ్రాంతి దినం శుక్రవారం సూర్యాస్తమయం నుంచి శనివారం రాత్రి దాకా. ఆ వేళల్లో పని చేయకూడదు, డబ్బు ముట్టుకోకూడదు. కూలికి వెళ్తేనే పూట గడిచే ఇంట్లో శనివారం మానేయడమంటే ఒక రోజు కూలి పోగొట్టుకోవడమే. మిరప కోతల కాలంలో మేస్త్రి పిలిస్తే ఒక ఇంటాయన ఏం చేస్తాడు? అతణ్ని తప్పుపట్టకుండా, వదిలేయకుండా, వచ్చే వారం మళ్లీ పిలవాలి. నాయకత్వం అనే పెద్ద మాట అక్కడ చేసే అసలు పని ఇదే. తలుపు తట్టడం, పేరు పెట్టి పిలవడం, చాప పరచడం, పిల్లలకు అక్షరాలు దిద్దించడం.

ఢిల్లీలో కూడా ఇలాంటి కథే ఒకటి ఉంది. హుమాయూన్ రోడ్డులోని జూడా హయామ్ సినగాగ్‌ను 1956లో కట్టారు. రాజధానిలో స్థిరపడ్డ యూదు కుటుంబాలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. ఆ మందిరాన్ని దశాబ్దాలుగా గౌరవ కార్యదర్శి హోదాలో చూసుకుంటూ వచ్చినాయన ఎజెకీల్ ఐజాక్ మాలేకర్. వృత్తిరీత్యా న్యాయవాది. మందిరం పనికి జీతం లేదు. పదిమంది లెక్క కుదరని చోట ఆయన ఆడవాళ్లనూ ఆ లెక్కలో చేర్చారు. సంప్రదాయం బతకాలంటే మనుషులు కావాలి, ఉన్న మనుషుల్ని పక్కన పెట్టి సంప్రదాయం ఏం చేసుకుంటుంది అన్న ఆలోచన అందులో కనిపిస్తుంది. పుస్తకంలో నియమం చదివినవాడికి కాదు, వారం వారం తాళం తీసినవాడికే ఇలాంటి ధైర్యం వస్తుంది.

యాకోబి సోదరుల కథ వెనక ఒక శతాబ్దపు చరిత్ర ఉంది. అది తెలియకుండా వాళ్ల తపన అర్థం కాదు.

వాళ్లు మాదిగ సమాజానికి చెందినవాళ్లు, పుట్టిపెరిగింది క్రైస్తవంలో. కోస్తా ఆంధ్రలో మాదిగలు పెద్ద సంఖ్యలో క్రైస్తవం తీసుకున్నది అమెరికన్ బాప్టిస్టు మిషన్ కాలంలో. ఒంగోలు కేంద్రంగా పనిచేసిన జాన్ క్లౌ దొర పేరు ఆ ప్రాంతంలో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆయన కంటే ముందే ఊరూరా తిరిగి తన వాళ్లను కదిలించిన మాదిగ పెద్ద యర్రగుంట్ల పేరయ్య. 1876-78 నాటి మహా కరువులో బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగాన్ని క్లౌ కాంట్రాక్టుకు తీసుకుని వేలమందికి పని, కూలి, తిండి దొరికేలా చేశారు. 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మతం మారిన కుటుంబాలకు బడి దొరికింది, బైబిలు చదివే అక్షరం దొరికింది. ఊరి చివర ఇల్లు మాత్రం ఊరి చివరే ఉండిపోయింది.

ఆ బైబిలే యాకోబి సోదరుల్ని మరో దారిలోకి తీసుకెళ్లింది. షమూయేల్ మొదట క్రైస్తవ బోధకుడు. 1980ల్లో జెరూసలేం వెళ్లే అవకాశం వచ్చింది. అక్కడ యూదుల ఆచారాలు చూశాక, తన సమాజం పెద్దలు పాటించే కొన్ని పద్ధతులకూ వీటికీ పోలిక ఉందని ఆయనకు గట్టిగా అనిపించింది. చనిపోయినవాళ్లను పూడ్చిపెట్టడం, పశుమాంసం తినడం లాంటివి మాదిగల్ని కించపరచడానికి ఇతరులు వాడిన విషయాలు. అవే తమ ప్రాచీన మూలాలకు గుర్తులని ఆయన వాదించారు. ఇజ్రాయెల్ పది గోత్రాలు చెదిరిపోయాయన్న పాత నిబంధన కథలో, ఎఫ్రాయిము గోత్రంలో ఒక పాయ ఉత్తర భారతం మీదుగా తెలుగు నేలకు చేరిందని ఆయన చెప్పారు. ఆ వాదాన్నంతా 2002లో ఇంగ్లిషులో ఒక పెద్ద పుస్తకంగా వేశారు. కొత్తరెడ్డిపాలెంలో మందిరాన్ని నడిపే బాధ్యత తమ్ముడు సాదోక్ భుజాన పడింది.

కాలం కూడా చూడాలి. 1985 జులై 17న కారంచేడులో మాదిగల మీద ఊచకోత జరిగింది. 1991 ఆగస్టు 6న తెనాలి దగ్గరి చుండూరులో దళితుల్ని వెంటాడి చంపారు. కొత్తరెడ్డిపాలెం మందిరం మొదలైంది ఆ 1991లోనే. చుండూరు అక్కడికి ఎంతో దూరం కాదు. మూడేళ్లకు, 1994లో, ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మంద కృష్ణ నాయకత్వాన మాదిగ దండోరా ఉద్యమం పుట్టింది. ఒకే తరం, ఒకే ప్రాంతం, ఒకే అవమానం. కొందరు పేరు చివర మాదిగ అని సగర్వంగా తగిలించుకుని రోడ్డెక్కారు. కొద్దిమంది తమ పేర్లను హీబ్రూలోకి మార్చుకుని ప్రార్థనకు కూర్చున్నారు. రెండూ ఆత్మగౌరవం కోసం వేసిన అడుగులే. మొదటిదానికి లక్షలమంది తోడయ్యారు. రెండోదానికి ఒక పల్లెలో కొన్ని పదుల కుటుంబాలు.

వీళ్లు నిజంగా ఎఫ్రాయిము సంతతేనా? ఈ ప్రశ్నను దాటవేయడం పాఠకుడికి అన్యాయం. అలా అని నిరూపించే చారిత్రక ఆధారం లేదు. బ్రిటన్‌లోని డర్హం విశ్వవిద్యాలయానికి చెందిన యూలియా ఎగొరోవా, ఆ పల్లెలో ఉండి క్షేత్ర పరిశోధన చేసిన షాహిద్ పర్వేజ్ కలిసి ఈ సమాజం మీద రాసిన పుస్తకం 2013లో ఆక్స్‌ఫర్డ్ ప్రచురణగా వచ్చింది. వాళ్లు రక్తసంబంధం తేల్చే పని పెట్టుకోలేదు. కులం, మతం, పేదరికం కలిసిన చోట మనుషులు తమను తాము ఎలా నిర్వచించుకుంటారో చూశారు. అదే సరైన దారి. ముప్పై ఏళ్లకు పైగా వారం వారం దీపం వెలిగించి, పిల్లలకు హీబ్రూ నేర్పి, పండగలన్నీ చేసుకునే కుటుంబాన్ని పట్టుకుని మీ పూర్వీకుల కాగితం చూపించమనడంలో న్యాయం లేదు. మన ఇళ్లలో ఎవరి దగ్గర ఉంది రెండు వేల ఏళ్ల కాగితం?

అయినా ఆ కాగితం అడిగేవాళ్లు ఉంటారు. ఇక్కడే ఇలాంటి నాయకుడికి అసలు పరీక్ష. మణిపూర్, మిజోరంలలోని బ్నే మెనాషె సమాజాన్ని 2005లో ఇజ్రాయెల్ సెఫార్దీ ప్రధాన రబ్బీ ష్లోమో అమార్ ఇజ్రాయెల్ సంతతిగా గుర్తించారు. ఆ తర్వాత వేలమంది అక్కడికి వెళ్లి స్థిరపడ్డారు. తెలుగు యూదులకు అలాంటి గుర్తింపు రాలేదు. అమెరికాలో 1994లో మొదలైన కులాను అనే లాభాపేక్ష లేని సంస్థ ప్రపంచంలో మారుమూల ఉన్న యూదు సమాజాలకు తోడుగా నిలుస్తుంది. దాని తరఫున బొనీటా, జెరాల్డ్ సస్‌మన్ దంపతులు కొత్తరెడ్డిపాలెం వచ్చి వాళ్లతో గడిపారు. బయటినుంచి వచ్చేవాళ్లు ఒక ప్రశ్నతో వస్తారు, వీళ్లు ఎంత యూదులు అని. లోపలివాళ్లు మరో ప్రశ్నతో ఉంటారు, దీనివల్ల మా పిల్లలకు ఏమిటి అని. నాయకుడు రెంటికీ జవాబు చెప్పాలి. విదేశీ అతిథికి నచ్చేలా మందిరాన్ని తీర్చిదిద్దుతూ పోతే ఊళ్లోవాళ్లకు దూరమవుతాడు. ఊళ్లోవాళ్ల అవసరాలే చూస్తూ పోతే, బతుకుతెరువు కోసం మతం పట్టుకున్నారన్న నింద మీద పడుతుంది. పేదవాడి భక్తిని మాత్రమే ఇలా శంకిస్తారన్నది గుర్తుపెట్టుకోవాలి. డబ్బున్నవాడు మొక్కు తీర్చుకుంటే ఏం ఆశించి చేశావని ఎవరూ అడగరు.

పైగా ఒక చిక్కు మన చట్టంలోనే ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డ్ కులాల హోదా హిందువులకే దక్కింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరించింది. క్రైస్తవులుగా, ముస్లింలుగా, యూదులుగా నమోదైన దళితులకు ఆ హోదా లేదు. ఎస్సీల నుంచి క్రైస్తవం తీసుకున్నవాళ్లు తెలుగు రాష్ట్రాల్లో బీసీ-సీ కిందికి వస్తారు. మహారాష్ట్ర 2016లో, గుజరాత్ 2018లో యూదుల్ని మైనారిటీలుగా గుర్తించాయి. కొత్తరెడ్డిపాలెం ఇంటాయన పిల్లాణ్ని కాలేజీలో చేర్చేటప్పుడు కుల ధ్రువీకరణ పత్రం మీద ఏం రాయించాలన్నది తత్వవిచారం కాదు, ఫీజు రీయింబర్స్‌మెంట్ వ్యవహారం. ఇతర మతాల్లోకి వెళ్లిన దళితుల హోదా మీద పరిశీలనకు కేంద్రం 2022 అక్టోబరులో జస్టిస్ కె.జి.బాలకృష్ణన్ కమిషన్ వేసింది. కోట్లమంది దళిత క్రైస్తవుల, ముస్లింల గురించి మాట్లాడే ఆ చర్చలో కొన్ని పదుల కుటుంబాల పేరు వినిపించాలంటే, వాళ్ల తరఫున కాగితం పట్టుకుని తిరిగే మనిషి ఒకరుండాలి. ప్రార్థన చదివించే మనిషే ఆ పనీ చేయాల్సి వస్తుంది.

మరి ఇన్ని చిక్కుల మధ్య ఈ పనిలో అర్థం ఎక్కడ దొరుకుతుంది? యూదు చరిత్రలోనే దీనికి గట్టి ఉదాహరణ ఒకటుంది, దానికి మన హిందూ మహాసముద్రంతో సంబంధం కూడా ఉంది. 12వ శతాబ్దంలో ఈజిప్టులో బతికిన మహా పండితుడు మోషే బెన్ మైమోన్. ప్రపంచం ఆయన్ను మైమోనిడిస్ అంటుంది. తమ్ముడు దావీదు రత్నాల వ్యాపారి. ఆ సంపాదనతో అన్న చదువులో మునిగి ఉండేవాడు. తమ్ముడు భారతదేశ వ్యాపారానికి బయల్దేరి హిందూ మహాసముద్రంలో ఓడ మునిగి చనిపోయాడు. కుటుంబం డబ్బు, ఇతరులు నమ్మి ఇచ్చిన డబ్బు కూడా ఆ ఓడతోనే పోయింది. మైమోనిడిస్ దాదాపు ఏడాదిపాటు మంచం పట్టాడు. లేచాక తమ్ముడి భార్యాబిడ్డల బాధ్యత నెత్తిన పడింది. ధర్మశాస్త్రం చెప్పి డబ్బు తీసుకోవడం ఆయన దృష్టిలో తప్పు. అందుకని వైద్యం చేపట్టాడు, సుల్తాన్ సలాదిన్ ఆస్థానం దాకా వెళ్లాడు. ఒక అనువాదకుడికి రాసిన ఉత్తరంలో తన దినచర్య చెప్పుకొచ్చాడు. పొద్దున ఆస్థానంలో రోగుల్ని చూసి ఇంటికి వచ్చేసరికి వసారా నిండా జనం. యూదులు, ముస్లింలు, పేదలు, గొప్పవాళ్లు. రోజంతటికీ ఒక్కపూట భోజనం. రాత్రి అలసటతో పడుకునే మందులు చెప్పేవాడట. విశ్రాంతి దినాన మాత్రం సమాజం వాళ్లు వచ్చి వారానికి సరిపడా సలహాలు తీసుకునేవాళ్లు.

ఆయన ముందుగా కూర్చుని జీవిత లక్ష్యం ఇదీ అని రాసుకోలేదు. దుఃఖం, అప్పు, ఇంటి బాధ్యత తోసిన పనిలోకి వెళ్లాడు. ఆ పనే ఆయన్ను ఒక సమాజానికి పెద్దదిక్కుని చేసింది. దానం గురించి ఆయన రాసిన ఎనిమిది మెట్లు ఇప్పటికీ యూదు సేవాసంస్థలకు పాఠం. అన్నిటికంటే కింది మెట్టు సణుగుతూ ఇచ్చేది. పై నుంచి రెండోది, ఇచ్చిందెవరో తీసుకున్నవాడికి, తీసుకున్నదెవరో ఇచ్చినవాడికి తెలియకుండా చేసేది. అన్నిటికంటే పైది అప్పిచ్చో, పని చూపించో, వ్యాపారంలో భాగం ఇచ్చో ఎదుటివాడికి మళ్లీ చేయి చాచే అవసరం లేకుండా చేసేది. ఫ్లెక్సీ కట్టి, దుప్పట్లు పంచి, ఫొటో దిగే మన సేవా కార్యక్రమాలు ఈ మెట్లలో ఎక్కడున్నాయో ఎవరికి వాళ్లు చూసుకోవచ్చు.

ఆధునిక కాలంలోనూ ఇలాంటి మలుపులు ఉన్నాయి. రూత్ మెసింజర్ చదివింది సోషల్ వర్క్. న్యూయార్క్ రాజకీయాల్లో రెండు దశాబ్దాలు గడిపారు. 1997లో మేయర్ పదవికి పోటీ చేసి రూడీ జూలియానీ చేతిలో ఓడిపోయారు. మరుసటి ఏడాది అమెరికన్ జ్యూయిష్ వరల్డ్ సర్వీస్ పగ్గాలు చేపట్టి 2016 దాకా నడిపారు. 1985లో మొదలైన ఆ సంస్థ పేరులో యూదు అని ఉన్నా సాయం అందుకునేవాళ్లలో ఎక్కువమంది యూదులు కాదు. మన దేశంలో బాల్య వివాహాల మీద, ఆడపిల్లల హక్కుల మీద పనిచేసే స్థానిక సంఘాలకు కూడా అది ఆర్థికంగా తోడ్పడింది. మన వాళ్లను చూసుకున్నాకే పక్కవాళ్లు అనే వాదన యూదుల్లోనూ ఉంది. దాన్ని కొట్టిపారేయలేం. 1914లో ఒట్టోమన్ రాజధానిలోని అమెరికా రాయబారి హెన్రీ మోర్గెంతౌ, ఆకలితో ఉన్న పాలస్తీనా యూదుల కోసం 50,000 డాలర్లు కావాలని తంతి పంపినప్పుడు పుట్టినదే జాయింట్ డిస్ట్రిబ్యూషన్ కమిటీ. సొంతవాళ్ల కోసం మొదలైన ఆ సంస్థ వందేళ్లుగా బతికే ఉంది. ముంబైలోనూ పనిచేస్తోంది. మన అనుకునే వలయాన్ని పెంచుకుంటూ పోవడం ఒక దారి, ఉన్న వలయంలోని చివరి మనిషిదాకా చేరడం ఇంకో దారి. రెండో దారిలో చప్పట్లు తక్కువ. కొత్తరెడ్డిపాలెం రెండో దారిది.

ఇక ఎల్‌బీ నగర్ వైపు వస్తే, మెట్రో ఎర్ర లైను మీద చైతన్యపురి దాటాక వచ్చే స్టేషను పేరు విక్టోరియా మెమోరియల్. రోజూ వేలమంది వినే పేరు. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ సరూర్‌నగర్‌లోని తన భవనాన్ని విక్టోరియా రాణి జ్ఞాపకార్థం అనాథ పిల్లల వసతిగృహంగా మార్చిన చోటు అది. వందేళ్లు దాటినా పిల్లలు అక్కడ చదువుకుంటున్నారు. భవనం ఇచ్చింది నిజాం. నిలబెట్టింది మాత్రం ఏళ్ల తరబడి పొద్దున్నే పిల్లల్ని లేపి, తల దువ్వి, బడికి పంపిన వార్డెన్లు, వంటవాళ్లు, టీచర్లు. వాళ్ల పేర్లు ఏ స్టేషనుకూ పెట్టరు.

ఆ చుట్టుపక్కల కాలనీల్లో మేడ మీద రెండు గదులు అద్దెకు తీసుకుని ట్యూషన్లు చెప్పే సంఘాలు, రక్తదానం గ్రూపులు, ముసలివాళ్లకు భోజనం డబ్బాలు పంపే కుర్రాళ్లు చాలామందే ఉన్నారు. వీళ్లకు మొదట ఎదురయ్యేది కాగితం. 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదు కావాలంటే కనీసం ఏడుగురు సభ్యులు కావాలి. దాతలకు పన్ను రాయితీ ఇప్పించాలంటే 80జి అని అందరూ పిలిచే అనుమతి ఉండాలి. రెండు వేల రూపాయలకు మించి నగదు విరాళానికి ఆ రాయితీ రాదు. అమెరికాలోని అన్నయ్య డాలర్లు పంపుతానంటే, అన్నయ్య ఇంకా భారత పౌరుడేనా అక్కడి పౌరసత్వం తీసుకున్నాడా అన్నది ముందు చూడాలి. విదేశీ విరాళమైతే ఎఫ్‌సీఆర్ఏ అనుమతి తప్పదు. సంస్థకు మూడేళ్ల వయసు, ఆ మూడేళ్లలో అసలు పని మీద పదిహేను లక్షల ఖర్చు చూపించాలి. 2020 సవరణ తర్వాత ఆ డబ్బు ఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ ప్రధాన శాఖ ఖాతాలోకే రావాలి, అందులో పాలనా ఖర్చు ఇరవై శాతం దాటకూడదు. ఇంకో సంస్థకు బదలాయించకూడదు. లెక్కలు సరిగా ఉండాల్సిందే, అందులో రెండో మాట లేదు. కానీ చిన్న సంస్థ నడిపే మనిషి పగలంతా ఈ కాగితాలతోనే సరిపోయి, తాను చదువు చెబుదామనుకున్న పిల్లాడి మొహం చూసి నెల దాటిందని ఏదో ఒక రోజు గ్రహిస్తాడు. అలసట మొదలయ్యేది అక్కడ. ఎందుకు మొదలుపెట్టానన్న ప్రశ్న వచ్చేదీ అప్పుడే.

ఆ ప్రశ్నకు జవాబు ఆఫీసులో దొరకదు. వర్క్‌షాపుల్లో, లక్ష్యాలు రాసే చార్టుల మీద కూడా దొరకడం అరుదు. మాలేకర్ ఢిల్లీలో తాళం తీసినట్టు, సాదోక్ పల్లెలో మనుషుల్ని పిలిచినట్టు, మైమోనిడిస్ వసారాలో రోగుల మధ్య కూర్చున్నట్టు, సంస్థకు పెద్ద అయినవాళ్లు వారానికొకసారైనా మొట్టమొదటి పనిలోకి దిగాలి. ట్యూషన్ సంస్థ అయితే ఒక తరగతి తానే చెప్పాలి. భోజనం పంపే సంస్థ అయితే ఒక డబ్బా తానే తీసుకెళ్లి, ఆ ముసలమ్మ తినేదాకా కూర్చోవాలి. ఇంకో పని కూడా ఉంది, తన తర్వాత ఎవరన్నది తేల్చడం. ఒక్కరి భుజం మీద నడిచే సంస్థ ఆ భుజం వాలిన రోజు ఆగిపోతుంది. చిన్న యూదు సమాజాల్లో పిల్లలకు హీబ్రూ నేర్పడానికి అంత పట్టుదల ఎందుకంటే ప్రార్థన చదివించే మనిషి ఎప్పుడూ ఇద్దరు ముగ్గురు సిద్ధంగా ఉండాలి. దిల్‌సుఖ్‌నగర్ ట్రస్టుల్లో ఈ జాగ్రత్త కనిపించేది తక్కువ. వ్యవస్థాపకుడి ఫోన్ నంబరే సంస్థ నంబరు. ఇది మారాలి.

దిల్‌సుఖ్‌నగర్‌లో చదువుకుంటూ, ఏదైనా మంచి పని చేద్దామని ఉబలాటపడే యువతీ యువకులకు ఒక మనవి. పేరు, లోగో, బ్యానరు, బ్యాంకు ఖాతా తర్వాత చూసుకోవచ్చు. సరూర్‌నగర్ బస్తీలోనో మీ హాస్టల్ వెనక గల్లీలోనో ఒక చోటు ఎంచుకోండి. వారంలో ఒకే రోజు, ఒకే వేళకు అక్కడికి వెళ్లండి, వానొచ్చినా పరీక్షలున్నా వెళ్లండి. మీతోపాటు వచ్చేవాళ్లను పేరు పెట్టి పిలుచుకుంటూ ఒక ఏడాది గడపండి. అప్పటికి విడవకుండా వస్తున్నవాళ్లు ఏడుగురు ఉంటే, జిల్లా రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్లి దరఖాస్తు పెట్టండి.